కుర్చీలు వేసే చేతులు

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు నలభై రెండేళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో మా అత్తగారు మూడేళ్లుగా మంచం మీదే ఉన్నారు. ఆదివారం అందరికన్నా గంట ముందు వెళ్లి చర్చి తలుపులు తీసి, ఊడ్చి, కుర్చీలు వేస్తాను. పరిచర్య అంటే నేను చేసేది అంతే. పొద్దున వంట చేసుకుంటూనే ప్రార్థన చేసుకుంటాను, మోకరించడానికి కూడా టైం దొరకదు. కానుక కూడా చిన్నదే. మొన్న సాక్ష్యాల కూటంలో ఒకరు ఉద్యోగం వదిలి సేవకు వెళ్లిన సంగతి చెప్పారు, ఇంకొకరు నలభై రోజులు ఉపవాసం ఉన్న సంగతి చెప్పారు. మైకు నా దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి ఏమీ లేదని పక్కవాళ్లకు ఇచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ప్రభువును నమ్ముకుని ఇరవై ఏళ్లయింది, ఆయన కోసం ఏం చేశాను? గురువారం రాత్రి ప్రార్థనలకు రావడం లేదని ఒకరిద్దరు అంటున్నారు కూడా. ఇంకో సంగతి. ఆఫీసులో ఒకామె భర్త నుంచి విడిపోయి చాలా బాధలో ఉంది. "మీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాను. రెండు వారాలు మర్చిపోయాను. నిన్న ఎదురుపడితే ఆమె ముఖం చూడలేకపోయాను. నాలాంటి వాళ్ల చిన్న విశ్వాసం వల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా?
ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "నేను చేసేది అంతే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ "అంతే" చాలా బరువుగా ఉంది. ఇరవై ఏళ్ల ఆదివారాలను ఒక్క మాటలో కొట్టిపారేశారు.

నయమాను కథ మీకు తెలిసిందే, రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం. మనం ఆ కథను యొర్దాను నదిలో ఏడు మునకలతో గుర్తుపెట్టుకుంటాం. కానీ కథ మొదలయ్యేది ఒక చిన్న పిల్లతో. సిరియా సైనికులు ఇశ్రాయేలు దేశం నుంచి ఎత్తుకుపోయిన పిల్ల. నయమాను భార్య దగ్గర పనికి ఉంది. ఇల్లూ వాకిలీ, అమ్మానాన్నా అన్నీ పోయాయి. తనను ఆ స్థితికి తెచ్చిన సైన్యానికి అధిపతి ఆ ఇంటి యజమానే. ఆయనకు కుష్ఠురోగం ఉందని తెలిసినప్పుడు "తగిన శాస్తి" అనుకుని ఊరుకోవచ్చు. కానీ షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి వెళ్తే మా యజమానికి బాగవుతుంది అని ఒక్క మాట చెప్పింది. ఆ తర్వాత ఆమె కథలో ఎక్కడా కనిపించదు. పేరు కూడా రాయలేదు. ఆ ఒక్క మాట మీద ఇద్దరు రాజులు కదిలారు, సైన్యాధిపతి ప్రయాణం కట్టాడు, చివరికి "ఇశ్రాయేలులో తప్ప లోకమంతటిలో వేరే దేవుడు లేడు" అని ఒప్పుకున్నాడు.

ఆ కథలోనే ఇంకో సంగతి ఉంది, మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే. నయమాను బోలెడంత వెండి బంగారాలు, పది జతల బట్టలు పట్టుకుని పెద్ద హంగుతో వచ్చాడు. ఆ ప్రవక్త ఎలీషా బయటికి కూడా రాకుండా, వెళ్లి నదిలో ఏడుసార్లు స్నానం చెయ్యమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. పని కష్టమని కాదు ఆ కోపం, పని మరీ చిన్నదని. అప్పుడు ఆయన దాసులు దగ్గరికి వచ్చి, ఆ ప్రవక్త ఏదైనా గొప్ప పని చెయ్యమంటే చేసేవాడివి కదా, ఇంత చిన్నది చెయ్యలేవా అని అడిగారు. ఈ ప్రశ్న మన సంఘాల్లో కూడా ఎవరైనా గట్టిగా అడగాలి. గొప్ప పని అయితే చెయ్యడానికి మనం సిద్ధమే. గొప్ప పనే విశ్వాసమని, చిన్నది లెక్కలోకి రాదని మనకు తెలియకుండానే నమ్ముతాం. మీరు ఇంటికి వెళ్లి ఏడ్చింది కూడా ఆ నమ్మకం వల్లే. తప్పు మీది కాదు. స్టేజీ మీద పెద్ద సంగతులే ఏళ్ల తరబడి చెప్పించుకుంటూ పోతే, వింటున్న వాళ్లకు తమ జీవితం ఖాళీగా కనిపించడం మొదలవుతుంది.

ఉద్యోగం వదిలి సేవకు వెళ్లిన వాళ్లను నేను తక్కువ చెయ్యడం లేదు. అది దేవుడు వాళ్లకు ఇచ్చిన పిలుపు. వాళ్ల పిలుపుతో మీ జీవితాన్ని కొలవకండి, అంతే నేను చెప్పేది.

ఇప్పుడు మీ కుర్చీల సంగతి. 1850 జనవరిలో, ఇంగ్లండులోని కోల్చెస్టర్‌లో ఒక ఆదివారం పొద్దున మంచు తుఫాను. పదిహేనేళ్ల కుర్రవాడు ఒకడు వేరే చర్చికి బయల్దేరి, ముందుకు పోలేక దారిలో ఉన్న చిన్న మెథడిస్టు మందిరంలోకి వెళ్లాడు. లోపల ఉన్నది పది పదిహేను మంది. పాస్టరు గారు కూడా రాలేకపోయారు. పెద్దగా చదువులేని ఒక సన్నటి మనిషి లేచి, "నా వైపు చూసి రక్షణ పొందండి" అని దేవుడు చెప్పిన యెషయా ప్రవచనం చదివాడు. చెప్పడానికి ఎక్కువ ఏమీ లేక ఆ మాటనే తిప్పి తిప్పి పది నిమిషాలు చెప్పాడు. తర్వాత ఆ కుర్రవాడి వైపు చూసి, అబ్బాయీ, చాలా దిగులుగా ఉన్నావు, యేసు వైపు చూడు అన్నాడు. ఆ కుర్రవాడు చూశాడు. అతని పేరు చార్లెస్ స్పర్జన్. తర్వాత లండన్‌లో వేల మందికి సువార్త చెప్పాడు. 1861లో ఆయన సంఘం కోసం తెరిచిన మెట్రోపాలిటన్ టాబర్నకిల్‌లో అయిదు వేల మందికి పైగా పట్టేవారు. ఈ సంగతి స్పర్జనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ పది నిమిషాలు మాట్లాడిన మనిషి ఎవరో మాత్రం ఆయనకు తెలియలేదు.

ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆ మనిషి గురించి చెబుతారు. నాకు మాత్రం ఎప్పుడూ ఇంకొకరు గుర్తొస్తారు. అంత మంచులో, ఎవరూ రారని తెలిసి కూడా ముందే వచ్చి ఆ మందిరం తలుపు తెరిచినవాళ్లు ఎవరో ఉండాలి కదా. పాస్టరు గారు రాలేకపోయిన రోజున తలుపు తీసిన మనిషి వచ్చారు. ఆ తలుపు మూసి ఉంటే ఆ కుర్రవాడు వెనక్కి తిరిగి ఇంటికి పోయేవాడు. ఆ మనిషి గురించి ఎవరూ రాయలేదు. ఆదివారం పొద్దున మీరు తాళం తీస్తున్నప్పుడు దయచేసి ఇది గుర్తుచేసుకోండి. ఆ రోజు మీరు వేసిన కుర్చీలో ఎవరు వచ్చి కూర్చుంటారో, ఏ స్థితిలో వచ్చి కూర్చుంటారో మీకు తెలియదు. వెనక వరుసలో చివరి కుర్చీ వేసేటప్పుడు, ఇందులో కూర్చోబోయే మనిషికి ఈరోజు ఒక్క మాటైనా అందేలా చూడు ప్రభువా అని అడగండి. పని అదే, టైం కూడా అంతే. చేతులు కుర్చీల మీద ఉంటాయి, మనసు ప్రభువు ముందు ఉంటుంది.

మోకరించడానికి టైం లేదని బాధపడ్డారు కాబట్టి వంటగది గురించి కూడా చెబుతాను. 17వ శతాబ్దంలో పారిస్‌లో కర్మెలు అనే క్యాథలిక్ సన్యాసుల మఠం వంటగదిలో సహోదరుడు లారెన్స్ అనే ఆయన ఏళ్ల తరబడి పని చేశారు. అంతకుముందు సైనికుడు, దెబ్బ తగిలి కుంటుతూ నడిచేవారు. ఆయనకు వంట పనంటే సహజంగా అసలు ఇష్టం లేదు. కానీ ఆ గిన్నెల చప్పుడు మధ్యనే దేవునితో మాట్లాడడం అలవాటు చేసుకున్నారు. నేల మీద పడ్డ గడ్డిపరక తీసినా దేవుని మీద ప్రేమతో తియ్యాలన్నది ఆయన పద్ధతి. గొప్ప గొప్ప చదువుకున్నవాళ్లు ప్రార్థన ఎలా చెయ్యాలో తెలుసుకోవడానికి ఆ వంటవాడి దగ్గరికి వచ్చేవారు. పొయ్యి దగ్గర మీరు చేసుకుంటున్న ప్రార్థనను మోకరించని ప్రార్థన అని తక్కువగా చూడకండి. వీలు దొరికిన రోజున మోకరించండి, అది మంచిదే. దొరకని రోజున దోషం చేసినట్టు తిరగొద్దు.

మీ అత్తగారి గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు. మూడేళ్లుగా మంచం మీద ఉన్న మనిషిని చూసుకోవడాన్ని మీరు పరిచర్య కిందే లెక్కపెట్టలేదు! మత్తయి ఇరవై అయిదో అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. ఆకలిగొన్నవాడికి అన్నం, దాహం వేసినవాడికి నీళ్లు, బట్టలు లేనివాడికి బట్టలు. రోగిని చూడడానికి వచ్చారు అంటాడు ప్రభువు, స్వస్థపరిచారు అని అనడు. చెరసాలలో ఉన్నవాడి దగ్గరికి వచ్చారు అంటాడు, విడిపించారు అని అనడు. చేతకానిదేదీ ఆయన అక్కడ అడగలేదు. మీరు ఆమెను మంచం మీద నుంచి లేపలేరు. దుప్పటి మార్చగలరు, పక్క మీద తిప్పి పడుకోబెట్టగలరు, నోటికి నీళ్లు అందించగలరు. ఆ అధ్యాయంలో నీతిమంతులు ఆశ్చర్యపోయి, ప్రభువా, ఇవన్నీ నీకు ఎప్పుడు చేశాం అని అడుగుతారు. తాము చేసినదాన్ని వాళ్లు ఎక్కడా లెక్క రాసుకోలేదు. మీ ఉత్తరంలో కూడా సరిగ్గా అలాగే ఉంది.

అయితే ఒకటి. ఈ పని మొత్తం ఒక్కరే మొయ్యాలని దేవుడు ఎక్కడా చెప్పలేదు. ఇంట్లో మిగతావాళ్లు ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. వారంలో రెండు పూటలైనా వాళ్లను చూసుకోమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది కూడా విశ్వాసంలో భాగమే. ఇతరుల చిన్న సాయం తీసుకోవడం రానివాళ్లం చాలామందిమి ఉన్నాం.

నా విషయం ఒకటి చెబుతాను. పదకొండేళ్ల క్రితం మావారికి పెద్ద ఆపరేషన్ అయ్యి ఇంటికి తీసుకొచ్చిన వారం. చాలామంది వచ్చారు. తలా ఒక వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వెళ్లారు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ లోపల నేను దేవుడి మీద కోపంగా ఉన్నాను. వచ్చినవాళ్ల ముందు కళ్లు మూసుకుని ఆమేన్ అనేదాన్ని, వాళ్లు వెళ్లాక ప్రార్థన చేసేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం మా సంఘంలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే పెద్దావిడ వచ్చింది. రెండు నిమిషాలు మావారి పక్కన కూర్చుని, లేచి వంటింట్లోకి వెళ్లింది. సింకులో రెండు రోజుల గిన్నెలు. వద్దండీ అంటున్నా వినలేదు. అన్నీ తోమి, బోర్లించి, చెయ్యి తుడుచుకుని, నా తల మీద చెయ్యి పెట్టి "ప్రభువు ఉన్నాడమ్మా" అని వెళ్లిపోయింది. అదే మాట అంతకుముందు పదిమంది చెప్పారు. ఆవిడ తడి చేత్తో చెప్పినప్పుడే నేను నమ్మగలిగాను. ఆ రాత్రి మళ్లీ మోకరించాను.

ఈ సంగతి ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. ప్రతి ఆదివారం కనిపించేది, వందనాలు చెప్పేదాన్ని, మిగతాది తర్వాత చెప్దాంలే అనుకునేదాన్ని. నాలుగేళ్ల తర్వాత ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. బహుశా ఆవిడ కూడా మీలాగే, నేను దేవుని కోసం ఏం చేశాను అనుకుంటూ పోయిందేమో. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఈ పని చెబుతున్నాను. ఈసారి సాక్ష్యాల కూటంలో మైకు వస్తే పక్కకు ఇవ్వకండి. మీరు చేసినదేదో చెప్పాలని వెతుక్కోవద్దు. ఎవరి చిన్న పని వల్ల మీ విశ్వాసం నిలబడిందో అది చెప్పండి. ఈ ఇరవై ఏళ్లలో అలాంటి మనిషి ఒక్కరైనా ఉండి ఉంటారు. ఆ మనిషి ఆ గదిలోనే కూర్చుని ఉండొచ్చు.

మీ చిన్న కానుక గురించి. రెండు కాసులు వేసిన విధవరాలి గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఆమె అందరికన్నా ఎక్కువ వేసిందని ప్రభువు చెప్పింది శిష్యులతో. ఆమెతో చెప్పినట్టు సువార్తలో లేదు. ఇన్ని వందల ఏళ్లుగా ఆమె గురించి మాట్లాడుకుంటున్నాం, ఆమె మాత్రం బహుశా ఏమీ తెలియకుండానే ఇంటికి వెళ్లి ఉంటుంది. ఇంకోటి కూడా చెప్పాలి. మార్కు సువార్తలో దీనికి సరిగ్గా ముందే, విధవరాళ్ల ఇళ్లను దిగమింగే శాస్త్రులను ప్రభువు గట్టిగా తప్పుపట్టాడు. ఆ రెండు మాటలూ కలిపి చదవాలి. ఇంట్లో మందులకు తక్కువపడేలా కానుక పెంచమని ఈ వాక్యం చూపించి ఎవరైనా మిమ్మల్ని ఒత్తిడి చేస్తే వినకండి.

ఇవన్నీ ఒక్కో మనిషి కథలే కదా, నిజంగా పెద్ద తేడా ఏమైనా వచ్చిందా అని మీరు అడగొచ్చు. నాలుగో శతాబ్దంలో రోమా చక్రవర్తి జూలియన్ క్రైస్తవ విశ్వాసాన్ని వదిలేసి, పాత దేవతల ఆరాధనను మళ్లీ నిలబెట్టాలని చూశాడు. 362 ప్రాంతంలో గలతీయలోని తన ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో ఒక ఫిర్యాదు చేశాడు. ఈ గలిలయులు, అంటే మనవాళ్లు, తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనం మాత్రం మనవాళ్లను పట్టించుకోవడం లేదు అని. పరదేశులను ఆదరించడం, చనిపోయినవాళ్లను శ్రద్ధగా పాతిపెట్టడం వల్లే ఆ విశ్వాసం పెరిగిందని కూడా రాశాడు. విశ్వాసానికి విరోధి రాసిన సాక్ష్యం ఇది. ఒక రొట్టె ముక్క, ఒక రాత్రి పడుకోవడానికి చోటు, దిక్కులేని శవానికి ఒక గొయ్యి. ఆ పనులు చేసినవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లు చేసింది చక్రవర్తికి కనిపించేంత పెద్దదయింది.

చిన్నది చాలు అన్న మాటను మాత్రం సాకుగా వాడుకోకూడదు. పక్కింట్లో ఎవరినైనా కొడుతున్నారని తెలిసి, ప్రార్థన చేస్తున్నాను కదా అని ఊరుకుంటే అది చిన్న విశ్వాసం కాదు, భయం. అప్పుడు తలుపు తట్టాలి, సాయం పిలవాలి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు, కానీ ఇది చదివే మరొకరి కోసం చెప్పాను.

ఇక మీ ఆఫీసులో ఆమె సంగతి. ఇదొక్కటి మాత్రం సరిచేసుకోవాల్సిన విషయమే. "ప్రార్థన చేస్తాను" అనడం మనకు పలకరింపు మాటలా అయిపోయింది. అవతలి మనిషి మాత్రం దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్తుంది. రేపే ఆమె దగ్గరికి వెళ్లండి. "మీ కోసం ప్రార్థన చేస్తానన్నాను, నిజం చెప్పాలంటే మర్చిపోయాను, నన్ను క్షమించండి. మీరు ఎలా ఉన్నారు?" అని అడగండి. అంతకుమించి ఏమీ కలపొద్దు. వాక్యాలు చెప్పొద్దు, సలహాలు అసలే వద్దు, భర్త గురించి మీరుగా ఏమీ అడగొద్దు. ఆమె చెబితే వినండి. కలిసి భోజనం చేద్దామా అని అడగండి. ఒంటరిగా తినడం ఆ స్థితిలో చాలా కష్టం. ఆమెకు ఇష్టమైతే అక్కడే, నెమ్మదిగా, రెండు మాటల్లో ప్రార్థన చెయ్యండి. వద్దంటే వద్దు. ఇకమీదట ఎవరికైనా ప్రార్థన చేస్తానని చెబితే, ఆ మెట్ల మీదే, ఆ ఫోన్ పెట్టేసే లోపే చేసెయ్యండి. నేను ఎన్నోసార్లు మాట తప్పాక నేర్చుకున్న అలవాటు ఇది.

ఆమె మారుతుందా, చర్చికి వస్తుందా అని మనసులో లెక్కలు వేసుకోవద్దు. మనం ఏదో ఆశించి ప్రేమ చూపిస్తే బాధలో ఉన్నవాళ్లు వెంటనే పసిగడతారు. ఏమీ జరగకపోవచ్చు కూడా. మీరు చేసినదానికి ఫలితం ఎప్పటికీ కనిపించకపోవచ్చు. నాకు సింకు దగ్గర జరిగింది ఆ పెద్దావిడకు కనిపించిందా?

గురువారం రాత్రి ప్రార్థనల గురించి నా మాట సూటిగా చెబుతాను. వెళ్లకండి. అంటే, అత్తగారిని చూసుకునేవాళ్లు దొరికి, మర్నాడు ఆఫీసు లేని వారం వెళ్లండి, మిగతా వారాలు పడుకోండి. ఆ ఒకరిద్దరికీ మీరు సంజాయిషీ చెప్పనక్కర్లేదు. కానీ పాస్టరు గారితో మీ ఇంటి పరిస్థితి ఒకసారి వివరంగా చెప్పండి, ఆయనకు తెలియకపోవచ్చు. వీలైతే గురువారం ప్రార్థన చేసేవాళ్లలో ఇద్దరు నెలకోసారి మీ ఇంటికి వచ్చి అత్తగారి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారేమో అడగండి. ఆమె మూడేళ్లుగా సంఘం ముఖం చూడలేదు కదా. ఆమెకు ఒక పాట ఇష్టమై ఉంటుంది, అది పాడమనండి.

మీ పేరు రాయలేదు. ఈ సమాధానం మొదలుపెట్టే ముందు "కుర్చీలు వేసే చెల్లి" అని చెప్పి మీ కోసం, మీ అత్తగారి కోసం, ఆఫీసులో ఆమె కోసం ప్రార్థన చేశాను. అత్తగారికి నా వందనాలు చెప్పండి. ఆమె ఎలా ఉన్నారో ఒక ముక్క రాయండి.